ఆ రిబ్ బరువెంత?

ఇంటర్వ్యూ బోర్డులో ముగ్గురున్నారు. విమాన భాగాలు తయారుచేసే కంపెనీ. నా రెజ్యూమెలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు పేరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది: విమానం రెక్కలో ఉండే రిబ్ డిజైన్, యాన్సిస్‌లో దాని స్ట్రెస్ అనాలిసిస్. ఎరుపు, పసుపు, నీలం రంగుల బొమ్మలతో తొంభై పేజీల రిపోర్టు. మధ్యలో కూర్చున్న పెద్దాయన దాన్ని చకచకా తిరగేసి, మూసి టేబుల్ మీద పెట్టి, ‘‘బాగుంది బాబూ. ఈ రిబ్ బరువెంత?’’ అన్నారు.

స్ట్రెస్ ఎంతో నాకు తెలుసు. బొమ్మలో ఎరుపు ఎక్కడ వచ్చిందో తెలుసు. బరువు తెలియదు. ‘‘పర్లేదు, సుమారుగా చెప్పు. వంద గ్రాములా, కిలోనా, పది కిలోలా?’’ అని ఇంకో అవకాశం ఇచ్చారాయన. నేను నోరు విప్పలేదు. ఎందుకంటే ఆ ప్రాజెక్టు నేను చేసింది కాదు. నలుగురం తలా నాలుగున్నర వేలు వేసుకుని ఒక ప్రాజెక్ట్ సెంటర్లో కొన్నది. టైటిల్ వాళ్లదే, కోడ్ వాళ్లదే, వైవాలో అడగబోయే ప్రశ్నలకు జవాబులూ వాళ్లవే. ‘బరువెంత’ అన్న ప్రశ్న మాత్రం వాళ్లిచ్చిన లిస్టులో లేదు.

ఆ నాలుగున్నర వేల సంగతి కూడా చెప్పాలి. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి యాచారం అవతల నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల నాన్నది కూరగాయల సాగు. ‘‘కొనడం ఎందుకు, కాలేజీ వర్క్‌షాప్‌లో ఒక రిబ్ నిజంగానే చేద్దాం, నాలుగు చెక్కలు, కాస్త జిగురు చాలు’’ అని ఆమె మొదటి రోజే అంది. మేం ముగ్గురం నవ్వేశాం. టైమ్ వేస్ట్ అన్నాం. చివరికి ఆమె కూడా డబ్బులు తెచ్చి ఇచ్చింది. ఆ సీజన్‌లో టమాటా ధర పడిపోయిందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఇదంతా ఇప్పుడెందుకు అంటే, మీలో చాలామంది సరిగ్గా ఈ నెలల్లోనే ప్రాజెక్టు టైటిల్ కోసం వెతుకుతుంటారు. ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా సాగర్ రోడ్డులో ఎన్ని ఇంజినీరింగ్ కాలేజీ బస్సులు తిరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు. అదే రోడ్డులో బొంగ్లూరు దగ్గర తిరిగితే ఆదిభట్ల. ఇబ్రహీంపట్నం మండలంలోని ఆ ఊళ్లో సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారవుతాయి. అపాచీ యుద్ధ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు తయారవుతాయి. టాటా బోయింగ్ ప్లాంటు మొదలైంది 2018లో. నేను బీటెక్ పాసైన సంవత్సరం కూడా అదే. కిటికీలోంచి ఆ పెద్ద పెద్ద షెడ్లు చూస్తూ కాలేజీకి వెళ్లొచ్చాను గానీ, విమానంలోని ఒక్క ముక్క కూడా చేత్తో పట్టుకోకుండానే ఆ గేటు లోపలి ఉద్యోగాల్లాంటి వాటికి అప్లై చేశాను. తప్పు ప్రాజెక్ట్ సెంటర్‌ది ఎంతో, సంతకం పెట్టిన గైడ్‌ది ఎంతో, నాది ఎంతో మీరే లెక్కేసుకోండి. నా లెక్కలో సగానికి పైగా నాదే.

కాబట్టి ఈసారి టైటిల్ కొనకండి. ఇంట్లో కట్టుకోవడానికి డిజైన్ చేసిన ఒక పాత తేలికపాటి విమానాన్ని ఎంచుకుని, దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి. అందులోంచి ఒకే ఒక్క రిబ్ చేసి, తూచి, బరువులు వేసి విరగ్గొట్టండి. విమానం కట్టమనడం లేదు. ఎగరమని అసలే అనడం లేదు.

ఏ విమానం అంటే, నా ఓటు పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్‌కి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, చెర్రీ గ్రోవ్ అనే పల్లెటూరు. బెర్నార్డ్ పీటెన్‌పోల్ అక్కడి మెకానిక్. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు, చూసి, విప్పి, బిగించి నేర్చుకున్నవాడు. విమానాల ఇంజిన్లు మామూలు మనిషి కొనలేని ధరలో ఉన్న రోజులవి. ఫోర్డ్ మోడల్-ఎ కార్లు మాత్రం ఎక్కడ చూసినా ఉన్నాయి. ఆ కారు ఇంజిన్‌తో ఎగిరే విమానం చేద్దామనుకున్నాడు. 1929లో ఎగిరించాడు. చెక్క ఫ్రేము, దాని మీద గుడ్డ, ఆ గుడ్డ బిగుసుకునేలా పైన డోప్ అనే పూత. గొడుగులా తల పైన ఒకే రెక్క. ఒకరి వెనక ఒకరు కూర్చునేలా రెండు సీట్లు. ఇంజిన్ శక్తి సుమారు 40 హార్స్‌పవర్. మన పాత మారుతి 800 ఇంజిన్‌ది కూడా దాదాపు అంతే.

అప్పట్లో ‘మోడర్న్ మెకానిక్స్’ అనే పత్రికకు వెస్టన్ ఫార్మర్ ఎడిటర్. కారు ఇంజిన్లతో విమానాలు నడవడం అయ్యే పని కాదన్నది ఆయన వాదన. పీటెన్‌పోల్ వాదనకు దిగలేదు. 1930లో రెండు ఎయిర్ క్యాంపర్లను మినియాపొలిస్ దగ్గరి రాబిన్స్‌డేల్‌కి ఎగిరించుకెళ్లి ఆయన కళ్ల ముందు దింపారు. అదే ఎడిటర్ తర్వాత ఆ విమానం డ్రాయింగులు అచ్చేయించాడు. 1932 నాటి ‘ఫ్లయింగ్ అండ్ గ్లైడర్ మాన్యువల్’లో అవి వచ్చాయి. ఆ ప్లాన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

‘1929 నాటి చెక్క విమానం నేర్చుకుని ఏం చేస్తాం, ఇప్పుడంతా కాంపోజిట్స్, సీఎన్‌సీ కదా’ అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఒక అపాచీ ఫ్యూజలాజ్ మొత్తాన్ని ఒక్క మనిషి తలలో పెట్టుకోలేడు. ఆ ప్లాంటులో ఉద్యోగం వచ్చినా ముందు మీ చేతికొచ్చేది ఒక బ్రాకెట్టో, ఒక ప్యానెలో. ఎయిర్ క్యాంపర్ అలా కాదు. డ్రాయింగులు కొన్ని షీట్లే. ప్రతి కొలత వెనకున్న కారణం, ఓపిక ఉంటే, మీకే దొరుకుతుంది.

ఉదాహరణకి బరువే తీసుకోండి. ఖాళీ విమానం సుమారు 280 కిలోలు. అందులో ఇంజిన్ ఒక్కటే దాదాపు 110 కిలోలు. మనుషులు, పెట్రోలు ఎక్కాక మొత్తం దాదాపు 490 కిలోలు. రెక్క వైశాల్యం సుమారు 13 చదరపు మీటర్లు. ముక్కులో అంత బరువైన ఇంజిన్ ఉంది. పైలట్ కూర్చునేది వెనక సీట్లో. పైలట్ లావైతే? టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద వెనక రెండు గ్యాస్ సిలిండర్లు కడితే ముందు చక్రం ఎలా తేలిపోతుందో చూసే ఉంటారు. విమానంలోనూ అదే సమస్య, కాకపోతే కింద రోడ్డు ఉండదు. అందుకే ప్యాసింజర్ సీటుని రెక్క కిందే, బరువు కేంద్రానికి దగ్గరగా పెట్టారు. అతను ఎక్కినా దిగినా బ్యాలెన్స్ పెద్దగా మారదు. ఇక పైలట్ బరువుకి ఉపాయం ఇంకా ముచ్చటైనది: కట్టడం అయ్యాక విమానాన్ని తూచి, రెక్కని పట్టుకునే నిలువు కర్రల్ని కాస్త వాల్చి, మొత్తం రెక్కనే అవసరమైనంత వెనక్కి జరుపుతారు. ‘సెంటర్ ఆఫ్ గ్రావిటీ’ అని మూడో సెమిస్టర్‌లో నేనూ చదివాను. రెక్కని జరిపి సరిచేస్తారని తెలిశాకే ఆ పదం నాకు నిజంగా అర్థమైంది.

ఇప్పుడు ఇదే విమానాన్ని మే నెల మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు పక్కన నిలబెట్టాం అనుకుందాం. లెక్క కోసమే సుమా. ఎండ 40 డిగ్రీలు. మన హైదరాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పీడనం 950 మిల్లీబార్లకు అటూఇటూ. ఇంటర్‌లో చదివిన గ్యాస్ ఈక్వేషన్ తీసుకుంటే గాలి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 1.06 కిలోలు వస్తుంది. పుస్తకాల్లో ఉండే ప్రామాణిక విలువ 1.225. అంటే 14 శాతం తక్కువ. గరిష్ఠ లిఫ్ట్ కోఎఫిషెంట్ 1.4 అనుకుని, 490 కిలోల బరువుకి స్టాల్ స్పీడు, అంటే ఇంతకంటే తగ్గితే రెక్క ఇక మోయలేను అనే వేగం, లెక్కేయండి. సముద్రమట్టం దగ్గర గంటకి 75 కిలోమీటర్లు వస్తుంది, మన దగ్గర 80 వస్తుంది. ఇంజిన్ పీల్చే గాలి కూడా పలచనే కాబట్టి ఆ 40 హార్స్‌పవర్ కూడా దాదాపు అదే నిష్పత్తిలో పడిపోతుంది. రెక్కకి ఎక్కువ వేగం కావాలి, ఇంజిన్ తక్కువ శక్తి ఇస్తుంది. రన్‌వే రెండు వైపులా తరిగిపోతున్నట్టు లెక్క. మన మే నెల మధ్యాహ్నం విమానానికి 1,500 మీటర్ల కొండ మీద ఉన్నట్టే అనిపిస్తుంది. ఈ ఒక్క లెక్క కాగితం మీద, ఎవరి సాయం లేకుండా చేయగలిగితే, ఇంటర్వ్యూలో ‘లిఫ్ట్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నకు మీరు బట్టీ పట్టిన నిర్వచనం చెప్పాల్సిన పని ఉండదు.

అయితే పాత డిజైన్ కదా, డ్రాయింగ్ ఉంది కదా అని కళ్లు మూసుకుని నమ్మితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే అనే ఆయన 1933లో హెచ్‌ఎం-14 అనే చిన్న విమానం చేశాడు. దాని ముద్దు పేరు ‘పూ దు సియెల్’. ఆకాశంలో పేను అని అర్థం. ఇంత చక్కగా తనని తాను తిట్టుకున్న విమానం ఇంకోటి లేదనుకుంటా. ఒకదాని వెనక ఒకటిగా రెండు రెక్కలు. మామూలు విమానాల్లో ఉండే ఎలిరాన్లు లేవు. ముందు రెక్క మొత్తాన్నే వాల్చి, లేపి నడపాలి. 1934లో ఆయన దీని మీద పుస్తకం రాశాడు. జనం ఎగబడ్డారు. ఒక్క బ్రిటన్‌లోనే వందల మంది గ్యారేజీల్లో కట్టడం మొదలుపెట్టారు.

తర్వాత ఒకరి వెనక ఒకరు కూలిపోవడం మొదలైంది. 1936లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో, ఫ్రాన్స్‌లోని షాలే-మూడాన్‌లో అసలు విమానాన్నే విండ్ టనెల్‌లో పెట్టి పరీక్షించారు. రెండు రెక్కలు మరీ దగ్గరగా ఉండటంతో, ముక్కు ఒక హద్దు దాటి కిందికి వాలాక, పైకి లేపడానికి కర్ర లాగితే ముందు రెక్క లేస్తుంది, దాని కింద నుంచి దూసుకొచ్చే గాలి వెనక రెక్కకి ఇంకా ఎక్కువ లిఫ్ట్ ఇస్తుంది, తోక లేస్తుంది, ముక్కు ఇంకా కిందికి పోతుంది. బతకడానికి చేసే పనే చంపేస్తుంది. చనిపోయిన వాళ్లలో బాగా కట్టినవాళ్లూ ఉండి ఉంటారు. డ్రాయింగ్‌లో ఉన్నది ఉన్నట్టే కట్టినా లాభం లేదు, ఎందుకంటే లోపం డ్రాయింగ్‌లోనే ఉంది. డిజైన్ చేసినాయన కొలవలేదు, కట్టినవాళ్లు అడగలేదు. నా తొంభై పేజీల రిపోర్టులో కూడా లోపం ఉందేమో. నాకెలా తెలుస్తుంది? నేను చదవలేదు కదా. అదృష్టం ఏమిటంటే దాని మీద ఎవరూ ఎగరలేదు.

అలా అని ఇంటి విమానాల డిజైన్లంటే ఔత్సాహికుల ఆటబొమ్మలే అనుకోకండి. అమెరికన్ డిజైనర్ బర్ట్ రూటన్ 1979లో లాంగ్-ఈజీ అనే విమానం ఎగిరించాడు. ఫోమ్ ముక్కని ఆకారంలోకి కోసి, దాని మీద గ్లాస్ ఫైబర్ పొరలు రెజిన్‌తో అంటించి, ఇంట్లోనే కట్టుకునేలా ప్లాన్లు అమ్మాడు. బెంగళూరులోని మన నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీ 1980లలో అదే డిజైన్ తీసుకుని తానూ ఒకటి కట్టింది. దాని పేరు లైట్ కెనార్డ్ రీసెర్చ్ ఎయిర్‌క్రాఫ్ట్, 1987లో ఎగిరింది. అప్పుడు ఆ ల్యాబ్‌కి డైరెక్టర్ రొద్దం నరసింహ. ఆయన ఇంటి పేరు మన అనంతపురం సీమలోని రొద్దం ఊరిది. దేశంలోనే పెద్ద విమాన పరిశోధన సంస్థ, పీహెచ్‌డీలతో నిండిన చోటు, గ్యారేజీల్లో కట్టుకునేవాళ్ల ప్లాన్లు తెచ్చుకుని చేతులకు రెజిన్ పూసుకుంది. కాంపోజిట్ పనిలో ఆ అనుభవం తర్వాత అదే సంస్థ సొంతంగా డిజైన్ చేసిన రెండు సీట్ల కాంపోజిట్ విమానం హంస 1993లో ఎగిరింది. ‘పాత డిజైన్ కాపీ కొట్టడం నామోషీ’ అనే ప్రొఫెసర్ ఎవరైనా ఎదురైతే ఈ సంగతి వినయంగా గుర్తుచేయండి.

సరే, రిబ్ దగ్గరికి వద్దాం. రెక్కకి రెండు పొడవాటి దూలాలుంటాయి, వాటిని స్పార్లు అంటారు. వాటి మీద అడ్డంగా, వరసగా కూర్చుని రెక్కకి ఆకారం ఇచ్చే పక్కటెముకలే రిబ్‌లు. ఎయిర్ క్యాంపర్‌లో ఒక్కోటి దాదాపు అయిదడుగుల పొడవు. పావు అంగుళం మందం, అరంగుళం వెడల్పు ఉన్న సన్నటి చెక్క పట్టీలను ఎయిర్‌ఫాయిల్ ఆకారంలో వంచి, మధ్యలో చిన్న చిన్న కర్రలు ఏటవాలుగా పెట్టి, ప్రతి జాయింట్ మీద పలచటి ప్లైవుడ్ బిళ్ల అంటిస్తారు. రైల్వే బ్రిడ్జి చూశారుగా, అదే తేలికపాటి ముసుగులో.

దీని మీద ఎంత బరువు పడుతుంది? 490 కిలోల్ని 13తో భాగిస్తే చదరపు మీటరుకి దాదాపు 38 కిలోలు. రిబ్‌కీ రిబ్‌కీ మధ్య అడుగు ఎడం అనుకుంటే ఒక్కో రిబ్ వాటా దాదాపు 17 కిలోలు. ఇది తిన్నగా ఎగిరేటప్పుడు. చిన్న విమానాలకు మామూలుగా 3.8 రెట్ల భారం తట్టుకునేలా డిజైన్ చేస్తారు కాబట్టి అది 65 కిలోలు. దాని మీద ఒకటిన్నర రెట్లు సేఫ్టీ ఫ్యాక్టర్ వేస్తే 97 కిలోలు. గాలికి ఊగిపోయే కర్రపుల్లల చట్రం మీద ఒక నిండు మనిషి నిలబడాలన్నమాట. పైగా ఆ భారం అంతటా సమానంగా ఉండదు, ముందు వైపు ఎక్కువ, తోక వైపు తక్కువ.

ఇంటర్వ్యూ పోయిన ఆర్నెల్లకు నేను మొదటి రిబ్ చేశాను. సిగ్గుతోనే అనుకోండి. ఆ విమానానికి వాడే స్ప్రూస్ కలప మన దగ్గర దొరకదు. ఇబ్రహీంపట్నంలో ఒక టింబర్ డిపోకి వెళ్లి, ప్యాకింగ్ పెట్టెలకు వాడే పైన్ చెక్కలోంచి సన్న పట్టీలు కోయించుకున్నా. కోసే పెద్దాయన డ్రాయింగ్ వైపు చూసి, ‘‘ఏం తమ్మీ, గింత పెద్ద పతంగా?’’ అన్నాడు. విమానం రెక్క అంటే నవ్వలేదు. నేను ఏరిన చెక్కల్లో సగం పక్కన పడేశాడు. ‘‘గీతలు సక్కగ ఉన్న కట్టె దీస్కో. అడ్డం బోయినయ్ పటుక్కున ఇరుగుతయ్’’ అన్నాడు. చెక్కలో నార దిశని బట్టి బలం మారుతుందని నేను అయిదు మార్కుల ప్రశ్నగా రాసి వచ్చాను. ఆయన రెండు వేళ్లతో తడిమి చూపించాడు.

ఒక పాత ప్లైవుడ్ మీద ఆకారం గీసి, దాని చుట్టూ మేకులు కొట్టి, వాటి మధ్య పట్టీలు వంచి బిగించాను. దీన్నే జిగ్ అంటారు. ఒక్కసారి జిగ్ కుదిరితే ఎన్ని రిబ్‌లైనా ఒకే కొలతలో వస్తాయి. మీరు ఇప్పటిదాకా ‘మాన్యుఫ్యాక్చరింగ్ టూలింగ్’ అని చదివింది ఇదే. జిగురు దగ్గర బద్ధకించి ఫెవికాల్ వాడాను. ఆరాక తూచితే 340 గ్రాములు.

340 గ్రాములు. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు ఇంచుమించు ఇంతే. గుప్పెడు చెక్క. అంత చిన్న సంగతి చెప్పలేకపోయాను.

తర్వాత పరీక్ష. రిబ్‌ని స్పార్ల దగ్గర రెండు స్టూళ్ల మీద ఆనించి, పక్కకి ఒరగకుండా ఆపు పెట్టి, తలకిందులుగా నిలబెట్టాలి. ఎందుకు తలకిందులో ఒక్క నిమిషం ఆలోచించండి: గాలి రెక్కని పైకి నెడుతుంది, మన బరువులు కిందికి లాగుతాయి. లీటరు నీళ్ల బాటిళ్లు పురికొసతో కట్టి ఒక్కొక్కటే వేలాడదీశాను. ముందు వైపు దగ్గర దగ్గరగా, వెనక దూరం దూరంగా. ప్రతి అయిదు కిలోలకీ స్కేలు పెట్టి ఎంత వంగిందో రాసుకున్నా. 41వ బాటిల్‌కి టప్‌మని ఒక జాయింట్ ఊడొచ్చింది.

కావాల్సిందల్లా 65, అయింది 41. విరిగిన చోటు చూస్తే చెక్క ఎక్కడా చీలలేదు, జిగురు పొర మాత్రం శుభ్రంగా విడిపోయింది. జాయింట్ బాగుంటే జిగురు కంటే ముందు చెక్క చీలాలి. బిగింపు సరిగా లేదు, జిగురూ ఈ పనికి తగింది కాదు. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు బల్లలకు, బీరువాలకు భేషైనదే గానీ, ఎడతెగని భారం కింద నెమ్మదిగా జారుతుంది, అందుకే విమానాల్లో వాడరు. రెండో రిబ్‌కి ఎపాక్సీ వాడి, రాత్రంతా క్లిప్పులు బిగించి ఉంచాను. 65 బాటిళ్లు మోసింది. 97 దాకా వెళ్లలేదు. ఇంట్లో బాటిళ్లు అయిపోయాయి, అమ్మ ఓపిక కూడా. రెండు రిబ్‌లకూ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది. తలా నాలుగున్నర వేలు కట్టిన సంగతి గుర్తొచ్చి కడుపు మండింది.

ఉద్యోగం సంగతి సూటిగా చెప్తాను. రిబ్ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని నేను అనను. ఆ రంగంలో షాప్ ఫ్లోర్ పనులకు ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లే బీటెక్ వాళ్ల కంటే బాగా సరిపోయే చోట్లు బోలెడున్నాయి. డిజైన్‌లోకి వెళ్లాలంటే క్యాటియా లాంటి సాఫ్ట్‌వేర్ రావాల్సిందే, టాలరెన్స్‌లు చదవడం రావాల్సిందే. కానీ మీ దగ్గర ఒక నోటుబుక్కు ఉండి, అందులో ఏ రోజు ఏం చేశారు, ఏ చెక్క ఎక్కడ కొన్నారు, ఏ జిగురు ఏ పాళ్లలో కలిపారు, ఎన్ని కిలోలకు ఎన్ని మిల్లీమీటర్లు వంగింది, ఎక్కడ ఎందుకు విరిగింది అని తేదీలతో, ఫొటోలతో ఉంటే, అది ఎదుటివాళ్లకు వాళ్ల భాషే. విమాన భాగాల పరిశ్రమలో ఏ రివెట్ ఏ బ్యాచ్‌ది, ఎవరు కొట్టారు, ఎవరు చెక్ చేశారు అన్నది కాగితం మీద లేకపోతే ఆ భాగం ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. నేను ఆ నోటుబుక్కు పట్టుకుని వేరే కంపెనీకి వెళితే, రెజ్యూమె పక్కన పెట్టి దాన్నే ఇరవై నిమిషాలు తిరగేశారు. వాళ్లు ఎక్కువసేపు ఆగింది విరిగిన జాయింట్ ఫొటో దగ్గర. అక్కడ మూడేళ్లు టూలింగ్‌లో పనిచేశాను. ఒక్క రోజు వర్క్‌షాప్‌కి డబ్బు కట్టి తెచ్చుకునే డ్రోన్ సర్టిఫికెట్ల గురించి నా అభిప్రాయం ఏమిటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్పాల్సిందే. రిబ్ మోసింది కదా అని తర్వాత రెక్క, ఆ తర్వాత బైక్ ఇంజిన్, ఆ తర్వాత పొలంలో పరుగు అంటూ వెళ్లకండి. మన దేశంలో విమానం ఎగరాలంటే డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, ఎగిరే అనుమతి కావాలి. ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ తమ బిల్డింగ్ టెర్రస్ మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా వీక్‌లో ప్రదర్శించారు. రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి పర్మిట్ 2019లో వచ్చింది. వృత్తిరీత్యా పైలట్ అయిన మనిషికే అంత కాలం పట్టింది. ఆ ఆలస్యంలో ఆఫీసుల నెమ్మదితనం ఎంతైనా ఉండనీండి, ఆకాశంలో పేను కథ చదివాక ఆ అనుమతి అనే గడప ఎందుకుందో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

మా బ్యాచ్‌లోని ఆ అమ్మాయికి రెండో రిబ్ ఫొటో పంపించాను, ఒక సారీతో పాటు. ఆమె ఇప్పుడు పుణెలో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్‌లో ఉంది. సారీ గురించి ఏమీ అనలేదు. తోక వైపు మూడో జాయింట్‌లో ప్లైవుడ్ బిళ్ల రెండు వైపులా కాకుండా ఒకవైపే ఎందుకు అంటించావని అడిగింది. మర్చిపోయాను. ఆమె చెప్పాకే చూసుకున్నా.

మీ కాలేజీ వర్క్‌షాప్‌లో కార్పెంటరీ సెక్షన్ ఉండే ఉంటుంది. ఫస్టియర్‌లో ఒక టీ-జాయింట్ చేయించి మళ్లీ ఆ వైపు వెళ్లనివ్వరు. తాళం సాధారణంగా హెచ్‌ఓడీ దగ్గర కాదు, ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర ఉంటుంది. శనివారం మధ్యాహ్నం అడిగి చూడండి, ఎక్కువమంది కాదనరు. నలుగురు కలిసి చేస్తే రెండు వారాంతాల పని. జీరోత్ రివ్యూ లోపే అయిపోతుంది.